గర్భిణి రక్తపరీక్ష సగంలో ఆగకూడదు

నెల తప్పిన స్త్రీ ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కగానే ముందుగా ఆమె చేతి నుంచి రక్తం తీస్తారు. ఆ రక్తంతో ఏయే పరీక్షలు చేస్తారో, ఎందుకు చేస్తారో, చివరికి ఏమని తేలిందో ఆమెకు విడమరచి చెప్పేవారు అరుదు. ‘రక్తం తక్కువగా ఉంది, మాత్రలు వేసుకో’ అన్న ఒక్క మాట పట్టుకుని ఆమె ఇంటికి తిరిగి వస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో మన ఆడపడుచులు ఎందరికో ఇది తెలిసిన అనుభవమే.

ఆ పరీక్షలలో ఒకదాని గురించి ఈ సంచికలో ప్రత్యేకంగా ముచ్చటించదలచాము. దాని పేరు హెచ్‌బీఏ2. గర్భిణి తన రక్తంలో తలసీమియా లక్షణాన్ని మోస్తున్నదో లేదో చెప్పే పరీక్ష ఇది. హైదరాబాద్‌లోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను తలసీమియా రహితంగా మార్చాలన్న సంకల్పంతో ఈ ప్రాంతపు గర్భిణులకు ఈ పరీక్ష చేసే పనిని చేపట్టింది. వ్యాధిగ్రస్తులైన పిల్లల తల్లిదండ్రులు, వైద్యులు, శ్రేయోభిలాషులు కలిసి 1998లో నెలకొల్పుకున్న సంస్థ అది. పిల్లవాడికి రక్తం ఎక్కించడానికి నెలనెలా ఆసుపత్రి చుట్టూ తిరిగినవారి కడుపుకోత నుంచి పుట్టిన ఆలోచన కనుక దానిని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము.

అయితే స్వాగతించి ఊరుకుంటే సరిపోదు. పరీక్ష తొలి మూడు నెలల్లో జరిగి, చివరి మెట్టు దాకా సాగినప్పుడే అది స్త్రీకి హక్కు అవుతుంది. ఆలస్యంగా జరిగినా, సగంలో ఆగినా అది ఆమె నెత్తిన మోపిన భయంగానే మిగులుతుంది. అందులోనూ మతవిశ్వాసాన్ని అనుసరించి నిర్ణయం తీసుకునే ముస్లిం కుటుంబానికి ఉన్న వ్యవధి చట్టం ఇచ్చిన వ్యవధికన్నా తక్కువ. ఈ సంగతిని ప్రభుత్వమూ, మన సమాజపు పెద్దలూ ఇరువురూ గుర్తించాలన్నదే మా విన్నపం.

తలసీమియా అంటే ఏమిటి?

మన రక్తం ఎర్రగా ఉండడానికి, శరీరమంతటికీ ప్రాణవాయువు అందడానికి కారణం హిమోగ్లోబిన్. దానిని తయారు చేసే జన్యువు ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. బీటా తలసీమియాలో ఈ జన్యువు లోపభూయిష్టంగా ఉంటుంది. రెండింటిలో ఒకటే లోపించినవారిని వాహకులు అంటారు. వారు రోగులు కారు. పొలం పనులు చేస్తారు, పిల్లలను కంటారు, నిండు నూరేళ్లు బతుకుతారు. కాస్త రక్తహీనత ఉంటే ఉండవచ్చు, అంతే. తాము వాహకులమన్న సంగతి వారికి సాధారణంగా జీవితాంతం తెలియదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, వాహకుడైన పురుషుడు వాహకురాలైన స్త్రీని వివాహమాడినప్పుడు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు లోపభూయిష్ట జన్యువులు సంక్రమించే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రుల వలె వాహకులుగా పుట్టే అవకాశం సగం. ఏ లోపమూ లేకుండా పుట్టే అవకాశం మరో నాలుగో వంతు. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది.

రెండు లోపాలతో పుట్టిన బిడ్డ పుట్టుకలో ఆరోగ్యంగానే కనిపిస్తాడు. ఆరు నెలలు దాటాక, రెండేళ్ల లోపు, పాలిపోవడం మొదలవుతుంది. ఎదుగుదల ఆగుతుంది. కడుపు ఉబ్బుతుంది. అక్కడినుంచి రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి, జీవితాంతం రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో పాటు శరీరంలో ఇనుము పేరుకుపోయి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది కనుక దానిని తొలగించే మందులు ప్రతిరోజూ వాడాలి. ఎముక మజ్జ మార్పిడి ఒక మార్గమే కానీ, సరిపడే దాత దొరకాలి, లక్షల రూపాయలు కావాలి. మన దేశంలో ఏటా పదివేలకు పైగా శిశువులు ఈ వ్యాధితో పుడుతున్నారని అంచనా. జనాభాలో నూటికి ముగ్గురు నలుగురు వాహకులని చెబుతారు. దినకూలి మీద బతికే ఇంట ఇటువంటి బిడ్డ పుడితే ఆ ఇంటి ఆదాయం, అప్పు, తల్లి ఆరోగ్యం, తోబుట్టువుల చదువు అన్నీ ఆ రక్తపు సీసా చుట్టూనే తిరుగుతాయి.

ఇనుము మాత్రల చాటున దాగే నిజం

ఈ పరీక్ష మన మూడు జిల్లాలలో ఎందుకు ముఖ్యమో చెప్పడానికి రక్తహీనత సంగతి ఎత్తక తప్పదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణులలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు పోషకాహార కిట్ల పంపిణీ ప్రారంభించినప్పుడు రక్తహీనత తీవ్రంగా ఉన్న తొమ్మిది జిల్లాలను ముందుగా ఎంపిక చేసింది. ఆ తొమ్మిదింటిలో జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ రెండూ ఉన్నాయి. మరుసటి ఏడు పథకాన్ని అన్ని జిల్లాలకూ విస్తరించినప్పుడు వనపర్తికీ అది అందింది. ఖర్జూరం, నెయ్యి, పోషక పొడి, ఇనుము సిరప్ ఉన్న ఆ కిట్ మంచిదే. ఎవరూ కాదనరు.

కాని రక్తహీనతకు కారణం తిండి లేమి ఒక్కటే కాదు. తలసీమియా వాహకురాలిలోనూ హిమోగ్లోబిన్ తక్కువగా ఉండవచ్చు, ఎర్ర రక్తకణాలు చిన్నవిగా ఉండవచ్చు. పైపై పరీక్షలో ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. ఊరంతా రక్తహీనత ఉన్నచోట వాహకురాలు ఆ గుంపులో కలిసిపోతుంది. ‘ఎన్ని మాత్రలు వేసుకున్నా నీకు రక్తం పట్టడం లేదు, సరిగా తినడం లేదు’ అన్న మందలింపు ఆమెకు మిగులుతుంది. ఆమె తినకపోవడం వల్ల కాదు, ఆమె రక్తపు తీరే అది అని హెచ్‌బీఏ2 పరీక్ష మాత్రమే తేల్చగలదు. ఈ పదార్థం సాధారణంగా రక్తంలో మూడున్నర శాతం లోపే ఉంటుంది. అంతకు మించితే వాహకురాలని అనుమానించాలి. తీవ్రమైన ఇనుము లోపం ఉన్నవారిలో ఈ అంకె కాస్త తగ్గి కనిపించవచ్చు కనుక, అంచు మీద ఉన్న ఫలితాన్ని తెలిసిన వైద్యుడే చూసి చెప్పాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మాటలు చదివి ఎవరూ ఇనుము మాత్రలు మానవద్దు. వాహకురాలికి కూడా ఇనుము లోపం ఉండవచ్చు. ఏది మానాలో ఏది వాడాలో వైద్యులే నిర్ణయించాలి.

రెండు క్యాలెండర్లు

పరీక్షలో వాహకురాలని తేలిన స్త్రీ ముందు ఉన్న మెట్లు ఇవి. మొదట భర్తకు అదే పరీక్ష చేయాలి. అతనికి లక్షణం లేదని తేలితే భయం లేదు, అక్కడితో సరి. ఇద్దరూ వాహకులైతే గర్భస్థ శిశువుకు జబ్బు ఉన్నదో లేదో తెలుసుకునే పరీక్ష చేయించుకోవచ్చు. మాయ నుంచి చిన్న నమూనా తీసే పరీక్ష పదకొండో వారం నుంచి సాధ్యం. ఉమ్మనీరు తీసే పరీక్ష పదహారో వారం ప్రాంతంలో చేస్తారు. వాటిని జన్యు ప్రయోగశాలలో పరిశీలించి ఫలితం చెప్పడానికి మరికొన్ని రోజులు కావాలి. మన రాష్ట్రంలో ఈ నైపుణ్యం హైదరాబాద్‌లో కేంద్రీకృతమై ఉంది. నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ వంటి జాతీయ సంస్థ ఉంది. గద్వాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు.

ఆ తర్వాత నిర్ణయం దంపతులది. 2021లో సవరించిన వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం ఇరవై వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య నిర్దేశిత పరిస్థితులలో ఇద్దరు వైద్యులు అంగీకరించాలి. శిశువులో తీవ్రమైన లోపం ఉంటే ఆ గడువు దాటాక కూడా వైద్య మండలి అనుమతి ఇవ్వవచ్చు. చట్టం దృష్టిలో వ్యవధి విశాలంగానే కనిపిస్తుంది.

విశ్వాసి దృష్టిలో మాత్రం అంత విశాలం కాదు. గర్భస్థ శిశువులోకి ఆత్మ ప్రవేశించే కాలాన్ని ధర్మవేత్తలలో అత్యధికులు నూట ఇరవై రోజులుగా లెక్కిస్తారు. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప గర్భాన్ని తొలగించరాదన్నది ప్రసిద్ధమైన అభిప్రాయం. మక్కాలోని రాబితా ఫిఖ్హ్ మండలి 1990లో దీనిపైనే చర్చించింది. నూట ఇరవై రోజుల లోపు, శిశువుకు నయం కాని తీవ్ర లోపం ఉన్నదని నమ్మదగిన నిపుణుల బృందం ధ్రువీకరిస్తే, తల్లిదండ్రులు కోరిన పక్షంలో అనుమతి ఉందని తీర్మానించింది. అంతకన్నా తక్కువ గడువు చెప్పే పండితులూ ఉన్నారు, అసలే సమ్మతించనివారూ ఉన్నారు. మేము ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు. ఆ అర్హత మాకు లేదు. ఒక లెక్క మాత్రం చూపదలచాము.

వైద్యులు గర్భాన్ని చివరి బహిష్టు తేదీ నుంచి లెక్కిస్తారు. ధర్మవేత్తల లెక్క గర్భం నిలిచిన నాటి నుంచి. రెండింటి మధ్య సుమారు రెండు వారాల తేడా. అంటే నూట ఇరవై రోజులు అన్నది ఆసుపత్రి కార్డు మీద దాదాపు పంతొమ్మిది వారాలకు సమానం. పద్నాలుగో వారంలో నమూనా తీసి, పదహారో వారంలో ఫలితం చెప్పి, భర్తను పిలిపించేసరికి పద్దెనిమిది వచ్చి, హైదరాబాద్ ఆసుపత్రిలో తేదీ దొరికేసరికి ఇరవై దాటితే, చట్టం ప్రకారం ఆమెకు ఇంకా దారి ఉంటుంది. మనస్సాక్షి ప్రకారం ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. ప్రభుత్వ యంత్రాంగపు ఆలస్యం ఆమె నుంచి ఆలోచించుకునే అవకాశాన్నే లాగేసుకున్నట్లు. ఇతరులకు అసౌకర్యంగా తోచే జాప్యం ముస్లిం స్త్రీ విషయంలో హక్కు నిరాకరణ అవుతుంది. మైనారిటీ హక్కుల పత్రిక ఒక రక్తపరీక్ష గురించి ఎందుకు రాస్తున్నదని ఎవరైనా అడిగితే, మా సమాధానం ఇదే.

నదికి అటు, నదికి ఇటు

ఇక మన ప్రాంతపు తీరు చూద్దాం. పాలమూరు అంటేనే వలస. గర్భిణి వనపర్తిలో ఉంటే భర్త ముంబైలోనో పుణేలోనో భవన నిర్మాణ కూలీగా ఉంటాడు. హైదరాబాద్‌లో ఆటో నడుపుతుంటాడు. లేదా గల్ఫ్‌లో ఉంటాడు. అతని రక్త నమూనా లేనిదే ఆమె పరీక్షకు అర్థం లేదు. అతడు పండుగకు వచ్చేదాకా ఆగుదామంటే గర్భం ఆగదు. అటువంటి భర్త ఉన్నచోటే పరీక్ష చేయించుకుని, ఫలితాన్ని ఫోనులో పంపే ఏర్పాటు కష్టమైనదేమీ కాదు. ఆ మాట ఆమెకు చెప్పేవారు ఉండాలి, అంతే.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డది మరో సమస్య. అలంపురం వారికి దగ్గరి పెద్దాసుపత్రి కర్నూలులో ఉంది. గద్వాల వైపు కొన్ని ఊళ్లకు రాయచూరు దగ్గర. 2014 తర్వాత కర్నూలు వేరే రాష్ట్రంలో ఉంది, రాయచూరు ముందు నుంచీ వేరే రాష్ట్రమే. పరీక్ష ఇటు, కాన్పు అటు అయితే కాగితం ఎక్కడ తప్పిపోతుందో ఎవరికీ తెలియదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు మీద ఈ పరీక్ష తేదీ, ఫలితం, భర్త పరీక్ష వివరం స్పష్టంగా రాసి ఇస్తే నది దాటినా సమాచారం ఆమెతోనే ఉంటుంది.

2016 అక్టోబరులో ఈ మూడు జిల్లాలు ఏర్పడినప్పుడు పాలన ప్రజల ముంగిటికి వస్తుందని చెప్పారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 2024లో గద్వాలకూ ఒకటి వచ్చింది. ఇది చిన్న విజయం కాదు. ఆ కళాశాలల ప్రయోగశాలల్లో హెచ్‌బీఏ2 పరీక్ష ప్రతి రోజూ జరగాలి, ఫలితం వారం లోపు అందాలి. సదుదేశం గల ఒక సంస్థ చేయగలిగినంత అది చేస్తుంది. కాని ఒక స్వచ్ఛంద సంస్థ నిధుల మీద, ఓపిక మీద గర్భిణి హక్కు ఆధారపడకూడదు. కేంద్ర ఆరోగ్య శాఖ హిమోగ్లోబిన్ వ్యాధుల నివారణకు 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గర్భిణులకు ఉచిత పరీక్షలు జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద 2011 నుంచి ఉన్న హామీ. ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులకు ప్రత్యేక వైద్య పరీక్షలు జరపడం 2016 నుంచి అమలులో ఉంది. ఈ మూడింటినీ కలిపి ఒక తాటిపైకి తెస్తే కొత్త పథకం పేరు కూడా అవసరం లేదు.

మేనరికం మీద నింద

ఈ వ్యాధి మాట ఎత్తగానే కొందరు ముస్లింల వైపు వేలు చూపుతారు. ‘మీరు దగ్గరి సంబంధాలు చేసుకుంటారు కనుక మీకు ఇది తప్పదు’ అంటారు. ఇందులో నిజమెంతో, నింద ఎంతో వేరు చేసి చూడాలి.

దగ్గరి బంధువుల మధ్య వివాహం జరిగినప్పుడు ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుందన్నది నిజం. దానిని దాచవలసిన పని లేదు. కాని మేనరికం తెలుగునాట ఏ ఒక్క మతపు సొత్తూ కాదు. మేనత్త కొడుకును, మేనమామ కూతురిని చేసుకోవడం ఇక్కడి అనేక కులాల ఆచారం. దక్షిణాది రాష్ట్రాలలో ఇటువంటి వివాహాలు ఎక్కువని జాతీయ సర్వేలు చెబుతూనే ఉన్నాయి. మేనమామకే పిల్లనిచ్చే ఆచారం కూడా ఈ నేల మీద ఉంది. ఇస్లాం దానిని నిషేధించింది. పినతండ్రి, పెదతండ్రి పిల్లల మధ్య వివాహం ఇస్లాంలో అనుమతించబడింది, ఆదేశించబడలేదు. పైగా దగ్గరి సంబంధం కాని దంపతులిద్దరూ వాహకులు కావచ్చు. సింధీ, పంజాబీ, గుజరాతీ సమాజాలలోని కొన్ని వర్గాలలో ఈ లక్షణం ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. జన్యువుకు మతం లేదు.

అందుచేత పరీక్ష అందరికీ జరగాలి. బురఖా చూసి, పేరు చూసి ఎంపిక చేసి జరిపే పరీక్ష మాకు సమ్మతం కాదు. పేరు చూసి వదిలేసే పరీక్షా సమ్మతం కాదు. ముస్లింల స్థితిగతులపై 2006లో సచార్ కమిటీ, మన రాష్ట్రంలో 2016లో సుధీర్ కమిషన్ నివేదికలు ఇచ్చాయి. ఏ వర్గానికి ఏ సేవ అందుతున్నదో లెక్కలు ఉండాలని సచార్ కమిటీ గట్టిగా చెప్పింది. ఈ పరీక్ష విషయంలోనూ మండలాల వారీగా ఎందరికి చేశారు, ఎందరి భర్తలకు చేశారు, ఎందరికి చివరి ఫలితం అందింది అన్న లెక్కలు పేర్లు లేకుండా ప్రకటించాలి. అప్పుడే గొలుసు ఎక్కడ తెగుతున్నదో తెలుస్తుంది.

భాష, గోప్యత, భర్త బాధ్యత

ఉర్దూ 2017 నుంచి తెలంగాణ అంతటా రెండో అధికార భాష. మన మూడు జిల్లాలలో ఇంట ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే ముస్లింలు ఉన్నారు. తెలుగే ఇంటి భాషగా గల దూదేకుల కుటుంబాలూ ఉన్నాయి. ‘వాహకురాలు’ అన్న మాట ఈ ఇద్దరిలో ఎవరికీ వెంటనే అర్థం కాదు. ‘నీకు జబ్బు లేదు, నీ రక్తంలో ఒక గుర్తు ఉంది, మీ ఆయనకు కూడా ఉంటే బిడ్డకు జబ్బు రావచ్చు, అందుకే ఆయనకు పరీక్ష చేయాలి’ అని ఆశా కార్యకర్త నెమ్మదిగా, ఆమె మాట్లాడే భాషలో, నలుగురూ వినని చోట చెప్పాలి. 2011 జనగణన నాటికి గద్వాల ప్రాంతంలో అక్షరాస్యత సగానికి అటూ ఇటుగా ఉంది. కాగితం చేతిలో పెట్టి పంపితే సమాచారం ఇచ్చినట్లు కాదు.

గోప్యత గురించి మరీ మరీ చెబుతున్నాము. ఫలితం ముందు అత్తగారి చెవిన పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ‘లోపమున్న పిల్లను కట్టబెట్టారు’ అన్న మాట పుట్టింటిదాకా పోతుంది. చెల్లెళ్ల సంబంధాలు వెనక్కి పోతాయి. కాని ఆలోచించండి. బిడ్డకు జబ్బు రావాలంటే తల్లి రక్తం ఒక్కటే చాలదు, తండ్రి నుంచీ అదే లోపం రావాలి. పరీక్ష చేయించుకోవడానికి ముందుకు రాని భర్తకు భార్యను నిందించే హక్కు ఎక్కడిది? భార్య ఫలితం తెలిసిన మరునాడే భర్త ఆసుపత్రికి వెళ్లాలి. అది ఆమెకు చేసే ఉపకారం కాదు, బిడ్డ పట్ల అతని బాధ్యత.

ఒక భయాన్ని కూడా తొలగించాలి. ఇది పుట్టబోయేది ఆడో మగో చెప్పే పరీక్ష కాదు. లింగ నిర్ధారణ 1994 నాటి చట్టం ప్రకారం నేరం. తలసీమియా ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానంగా వస్తుంది.

మన ఇంటి పని

ప్రభుత్వాన్ని అడిగే నోరు మన ఇంటిని కూడా అడగాలి. నిజానికి గర్భం వచ్చాక చేసే పరీక్ష ఆలస్యపు పరీక్షే. నిఖాకు ముందే చేయించుకుంటే ఇన్ని మెట్లూ, ఇంత వేదనా ఉండవు. ఇరాన్ 1997 నుంచి వివాహానికి ముందు తలసీమియా పరీక్షను దేశమంతటా తప్పనిసరి చేసింది. సౌదీ అరేబియా 2004 నుంచి తలసీమియా, సికిల్ సెల్ రెండింటికీ వివాహపూర్వ పరీక్ష అమలు చేస్తున్నది. ముస్లిం దేశాలు పాటిస్తున్న పద్ధతి మన మహల్లాలో ఎందుకు పరాయిదిగా తోచాలి?

మేము నిర్బంధాన్ని కోరడం లేదు. నిర్బంధం పేరుతో ఎవరి పెళ్లి ఆగకూడదు. కాని ఖాజీలు నిఖా తేదీ రాసేటప్పుడు ‘రక్తపరీక్ష చేయించారా?’ అని ఒక్క మాట అడగవచ్చు. షాదీ ముబారక్ దరఖాస్తు చేసుకునేటప్పుడు ఈ పరీక్ష వివరాలున్న ఒక కరపత్రాన్ని ఉర్దూ, తెలుగు భాషలలో ఇవ్వవచ్చు. శుక్రవారం ప్రసంగంలో ఇమాములు దీనిని ప్రస్తావించవచ్చు. తవక్కుల్ అంటే చేయవలసింది చేయకుండా చేతులు ముడుచుకోవడం కాదని వారే మనకు బోధిస్తూ వచ్చారు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత దైవం మీద భారం వేయడం మన సంప్రదాయం.

మరో మాట కఠినమైనా చెప్పాలి. ఈ పరీక్షల వల్ల ఇప్పటికే ఈ జబ్బుతో జీవిస్తున్న పిల్లల గౌరవం తగ్గకూడదు. వారు ‘పుట్టకుండా ఉండవలసినవారు’ కారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తలసీమియాను వైకల్యంగా గుర్తించింది. వారికి రక్తం, మందులు, చదువు, ఉద్యోగం అన్నింటిలోనూ హక్కు ఉంది. అన్నీ తెలుసుకుని గర్భాన్ని కొనసాగించాలని నిర్ణయించుకున్న తల్లిని ఏ వైద్యుడూ ఈసడించరాదు, ఏ సేవా నిరాకరించరాదు. తొలగించాలని నిర్ణయించుకున్న తల్లిని ఏ పెద్దా పాపిగా ముద్ర వేయరాదు. నిర్ణయం వారిది. ఆ నిర్ణయానికి కావలసిన జ్ఞానం, సమయం ఇవ్వడమే మనందరి పని.

మా డిమాండ్లు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలెక్టర్లకు, జిల్లా వైద్యాధికారులకు, రాష్ట్ర ఆరోగ్య శాఖకు మేము నివేదించేవి ఇవి.

ఒకటి, ప్రతి గర్భిణికీ పన్నెండు వారాల లోపు నమోదు సమయంలోనే హెచ్‌బీఏ2 పరీక్ష జరగాలి.

రెండు, ఫలితం వారం రోజులలో ఆమెకే, ఆమె భాషలో, ఏకాంతంగా చెప్పాలి.

మూడు, వాహకురాలని తేలితే భర్త పరీక్షను మరో వారంలో పూర్తి చేయాలి. అతడు ఏ ఊరిలో ఉన్నా అక్కడే ఉచితంగా చేయించుకునే ఏర్పాటు ఉండాలి.

నాలుగు, దంపతులిద్దరూ వాహకులైతే హైదరాబాద్ ప్రయాణ ఖర్చు, శిశు పరీక్ష ఖర్చు ప్రభుత్వమే భరించాలి. పరీక్ష తేదీని జిల్లా ఆసుపత్రే ముందుగా ఖరారు చేయాలి.

ఐదు, మూడు వైద్య కళాశాలలలోనూ జన్యు సలహా ఇచ్చే శిక్షణ పొందినవారు, ఉర్దూ తెలిసినవారు ఒక్కరైనా ఉండాలి.

ఆరు, తలసీమియాతో ఉన్న పిల్లలకు రక్తం ఎక్కించే ఏర్పాటు జిల్లా కేంద్రంలోనే ఉండాలి. పసివాడిని చంకన వేసుకుని తల్లి రాజధానికి బస్సెక్కే అవసరం తప్పాలి.

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. చట్టాలు ఉన్నాయి, కళాశాలలు వచ్చాయి, ఒక సంస్థ ముందుకు వచ్చి దారి చూపింది. మిగిలింది గొలుసులోని మెట్లను కలపడమే. ఈ వ్యాసం చదివిన సోదరులారా, మీ ఇంట, మీ బంధువుల ఇంట ఎవరైనా నెల తప్పి ఉంటే ఈ వారమే అడగండి: ఆమెకు హెచ్‌బీఏ2 పరీక్ష జరిగిందా? ఫలితం తెలిసిందా? అవసరమైతే మీరు వెళ్లి రక్తం ఇచ్చారా? సోదరీమణులారా, మీ చేతి నుంచి తీసిన రక్తం ఏమి చెప్పిందో తెలుసుకునే హక్కు మీది. ఆ ప్రశ్న అడగడానికి వెనుకాడకండి. పంతొమ్మిది వారాలు చూస్తుండగానే గడిచిపోతాయి.